పెట్టెలో నీళ్ళ సొంతూరు

మానవజాతి ఇంతవరకు సాధించిన విజయాలన్నింటిలోకీ గొప్పది ఏదంటే, ఎండలోనే పెట్టాల్సిన వస్తువుకు ఎండ తగలకూడదనీ, ఆరుబయటే ఉండాల్సిన వస్తువుకు వాన సోకకూడదనీ ఒకే పుస్తకంలో రాసి, కింద సంతకం చేసి, ముద్ర వేయగలగడం. ఈ ఘనకార్యం సౌర కంచెల వాతావరణ రక్షణ మండలం వారిది. వారి కార్యాలయం కోయంబత్తూరు గాంధీపురంలో ఒక చీరల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు కూడా ఉంది. (అందులోకి వాననీరు దిగి ఆగిపోయింది. అది ఆరుబయట పెట్టిన వస్తువు కాదు గనుక మండలం పరిధిలోకి రాదు.)

సౌర కంచె గురించి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. చేను చుట్టూ సన్నటి తీగ లాగుతారు. ఒక మూల గుంజ పాతి, దాని పైన సోలార్ పలక, పలక కింద ఒక పెట్టె బిగిస్తారు. పెట్టెలో బ్యాటరీ, తీగలోకి ఆగి ఆగి కరెంటు కొట్టే మిషను ఉంటాయి. అడవిపంది మూతి తీగకు తగిలితే చుర్రుమంటుంది. పంది చావదు గానీ మళ్ళీ ఆ దిక్కు చూడదు. ఇంత చిన్న పెట్టెకు అంత పెద్ద మండలం ఎందుకని కొందరు అడుగుతుంటారు. అలా అడిగేవాళ్ళకు పెట్టె గురించీ తెలియదు, మండలం గురించీ తెలియదు.

పెరుమాళ్‌సామికి మండలం వారు పెట్టె ఇచ్చి ఏడాది కాలేదు. కొండ కింద జక్కనాయక్కన్‌పుదూరులో ఆయనకున్నది ఒక్క ముక్క నల్లరేగడి నేల. ఆ ఏడు దాని నిండా మొక్కజొన్న వేశాడు. చేను బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, దారిన పోయేవాళ్ళు మెచ్చుకుని నాలుగడుగులు వేయగానే ఆయన భార్య రక్కమ్మాళ్ వెనకనుంచి దిష్టి తీసేంత బాగా. వానలు పోగానే కంకి పాలు పోసుకుంటుంది. పాలకంకి అంటే అడవిపందులకు ప్రాణం. కిందటేడు కంచె లేక సగం చేను పందులే మేసి పోయాయి. ఈసారి గింజ గట్టిపడేదాకా కంచె నిలబడితే పంట ఇంటికి వస్తుంది, లేకపోతే పందుల కడుపులోకి పోతుంది. కథ ఇంతే, మిగతాదంతా పరిపాలన.

వానలకు ముందు పెట్టెను భద్రం చేసుకోవాలని ‘వేలి నణ్బన్’ యాప్‌లో సందేశం వచ్చింది. (కంచె నేస్తం అని అర్థం. నేస్తం అన్నాక కష్టాల్లో కనబడకపోవడం సహజమే.) యాప్ తెలుగులో కూడా ఉంది గానీ, ఆ ఇంట్లో తెలుగు తరతరాలుగా నోటి మీదే బతికింది తప్ప కాగితం మీద కూర్చోలేదు. అందుకని తిరుప్పూరు బనియన్ల కంపెనీలో కుట్లు సరిచూసే పని చేసే కోడలు షణ్ముగప్రియ, సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చి తమిళంలో చదివి తెలుగులో చెప్పింది. పెట్టెకు ఉన్న రంధ్రాలన్నీ నీరు చొరకుండా సంపూర్ణంగా మూయవలెనట.

ఆ మాట వినగానే పెరుమాళ్‌సామి ముఖం వెలిగింది. మూయడం ఆయనకు కొత్తా? ఆ ఇంట్లో ధాన్యపు గాదెకు మూత పెట్టడం తాతల నాటినుంచీ మగవాళ్ళ పని. పుట్టమన్ను, ఆవుపేడ, కాస్త ఆముదం పోసి పిసికి, మూత అంచు చుట్టూ బొటనవేలితో ఒత్తుకుంటూ పోవాలి. చీమ దూరే సందు మిగిలినా ఆ మగవాడికి ఊళ్ళో తలెత్తుకునే వీలుండదు. ఆయన గాదెను మూసినట్టే పెట్టెను మూశాడు. లోపలి అంచుకు ఒక వరస ఒత్తి, మూత బిగించి, బయట ఇంకో వరస ఒత్తాడు. వైర్లు దూరే చోట్లు మూశాడు. పెట్టె అడుగున చిటికెనవేలు పట్టేంత బెజ్జం ఒకటి కనబడింది. పాపం కంపెనీవాడు మూయడం మరిచిపోయాడని జాలిపడి, దానికి ఇంకాస్త ఎక్కువే దట్టించాడు.

ఐప్పసి నెల, అంటే ఆశ్వయుజ కార్తీకాల వానలు ఆ ఏడు విరగబడి కురిశాయి. పెట్టె మీద పడ్డ చినుకల్లా జారి నేల మీద పడింది. పెరుమాళ్‌సామి గొడుగు వేసుకుని వెళ్ళి ఆ దృశ్యం చూసి వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పుట్టమన్ను పాళ్ళు చెప్పాడు. వానలు వెనకబట్టాయి. పగలు ఎండ మాడుస్తోంది, తెల్లవారుజామున మంచు కురుస్తోంది. అలాంటి ఒక పొద్దున ఆయన గట్టు మీద నిలబడితే, తీగలో వినబడాల్సిన టిక్కు టిక్కు వినబడలేదు. మట్టి గీకి, పెట్టె మూత పైకెత్తాడు. లోపల నీళ్ళున్నాయి. బ్యాటరీ అందులో హాయిగా స్నానం చేస్తోంది.

వానంతా కురిసినప్పుడు రాని నీళ్ళు ఎండలో ఎలా వచ్చాయి? నలభై ఏళ్ళుగా ఏ గాదె విషయంలోనూ ఆయన పరువు పోలేదు. నీళ్ళ సంగతి తరవాత, ముందు పరువు పోయిందని ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

షణ్ముగప్రియ యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. యాప్ ఫోటో అడిగింది, ఆమె పెట్టింది. పెట్టె పక్కన రైతు నవ్వుతూ నిలబడిన ఫోటో అడిగింది, అదీ ఎలాగో తీసింది. చివరకు యాప్ ఒకే ఒక ప్రశ్న వేసింది. పెట్టెలోని నీరు లోపలిదా, బయటిదా? లోపల పుట్టిన నీరైతే తప్పు పెట్టెది, కొత్త బ్యాటరీ ఇస్తారు. బయటినుంచి వచ్చిన నీరైతే తప్పు రైతుది, ఇవ్వరు. తెలియనివారు నీటికి జన్మస్థల ధ్రువపత్రం తెచ్చి జతపరచవలెను. (పెరుమాళ్‌సామి వంశం ఈ నేలకు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. బస్సులో పక్క సీటువాడు ఇవాళ్టికీ మీ సొంతూరు ఏదని అడుగుతాడు. ఆయనకే తేలని సంగతి చెంబెడు నీళ్ళకు తేల్చాలట.)

మర్నాడే ఆయన గాంధీపురం బస్సెక్కాడు. మూడంతస్తులు ఎక్కి, మోకాళ్ళు పట్టుకుని, నీటి మూలాల విభాగం గుమాస్తా ముందు నిలబడ్డాడు. గుమాస్తా చాలా మంచివాడు. ఆయన్ని కూర్చోమన్నాడు, కుర్చీ లేకపోవడం గుమాస్తా తప్పు కాదు. అధికారి వచ్చి చూసేదాకా పెట్టెలోని నీరు సాక్ష్యమనీ, అందులో ఒక్క చుక్క తీసినా, పారబోసినా సాక్ష్యాన్ని చెరిపినట్టేననీ నింపాదిగా వివరించాడు.

అంతదాకా సొంతంగా ఒక బ్యాటరీ తగిలించుకుంటానని పెరుమాళ్‌సామి అడిగాడు. గుమాస్తా నొచ్చుకున్నాడు. బయటి బ్యాటరీ తగిలిస్తే కంచె పనిచేస్తుంది. కంచె పనిచేస్తే ఫిర్యాదు అబద్ధమవుతుంది. పైగా అది అనధికార కంచె అవుతుంది, అనధికార కంచె తగిలి పందికి నొప్పి పుడితే పంది తరఫున మండలమే కేసు వేయాల్సి వస్తుంది. మండలానికి పందుల మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదట, నియమం అలా ఉందట.

ఆ వారమంతా మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దు గూకగానే డబ్బా రేకులు పట్టుకుని చేనికి పోయారు. చేనికి నాలుగు దిక్కులు, కాపలాకు ఇద్దరు మనుషులు. పందులు లెక్కలు రానివి కావు గానీ, అప్పటికింకా ధైర్యం చేయలేదు.

తరవాత మణికండన్ వచ్చాడు. తేమ పరిశీలకుడు, రెండో తరగతి. (మొదటి తరగతి పరిశీలకులు ఫ్యాను కింద కూర్చుని తేమను పరిశీలిస్తారు.) మంచి కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. మండలం వారిచ్చిన ఫోన్‌ను గుంజకు కట్టి రికార్డింగు మొదలుపెట్టాడు. తనిఖీ మొదలైన దగ్గరనుంచి ముగిసేదాకా బొమ్మా మాటా రెండూ పడాలని నియమం. పెట్టె తెరిచాడు, మట్టి గీకి వాసన చూశాడు, అడుగున వేలు పెట్టి తడిమాడు. ఈ బెజ్జం ఎందుకు మూశారని తమిళంలో అడిగాడు.

అధికారి అడిగేసరికి పెరుమాళ్‌సామికి తమిళం తడబడింది. భార్య వైపు తిరిగి, “ఎలక దూరతాదని మూసినా అని చెప్పు” అన్నాడు.

మణికండన్ తలెత్తాడు. “మీరు తెలుగోల్లా?”

పరాయిచోట తెలుగు మాట చెవిన పడితే ఆ వైపు తెలుగువాళ్ళు చేసే పనులకు ఒక వరస ఉంది. మొదట ఇంటిపేరు అడుగుతారు, పిదప బంధుత్వం తేలుస్తారు, ఆపైన ఆకు వేస్తారు. తేలకపోతే తేలేదాకా వదలరు. పెరుమాళ్‌సామికి అది అలవాటు కూడా కాదు, ఊపిరి. ఆయన చిలకలవాళ్ళ మనిషి. మణికండన్ గంటలవాళ్ళ అబ్బాయి, తల్లి మాత్రం చిలకలవాళ్ళ ఆడపడుచేనట.

“అట్లయితే నేను నీకు మామ గదయ్యా!”

“ఆమాం మామా” అన్నాడు మణికండన్, ముఖమంతా నవ్వుతో.

రక్కమ్మాళ్ అప్పటికే, పెట్టెకు పిలుపు దూరంలోనే ఉన్న ఇంటివైపు పరుగు తీసింది. అరటాకు వేసి, అన్నం, మొచ్చగింజల (మన అనపగింజల్లాంటివే) పులుసు, అప్పళం వడ్డించింది. పాయసం కూడా చేసింది. మేనల్లుడు మొదటిసారి గడప తొక్కితే తీపి లేకుండా ఎలా పంపడం? తింటూనే మణికండన్ నీళ్ళ సంగతి తేల్చేశాడు. తడిమట్టి, తడిపేడ లోపల పెట్టి ఊపిరాడకుండా మూశారు, ఆ తడి పగలు ఆవిరై, తెల్లారేసరికి చల్లబడి, పోవడానికి దారిలేక నీళ్ళయింది. కంపెనీవాడు అడుగున బెజ్జం పెట్టింది ఆ చెమట కారడానికే. అయినా మూయమని రాసింది మండలమే గనుక రైతు తప్పేమీ లేదు. నీరు లోపలిదే, కొత్త బ్యాటరీ వారంలో వస్తుంది. పెరుమాళ్‌సామికి ప్రాణం లేచి వచ్చింది. తన పనితనం వల్ల ఒక్క చుక్క లోపలికి రాలేదన్నమాట, బ్యాటరీ కంటే ఆ మాటకే ఆయన ఎక్కువ సంతోషపడ్డాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి మణికండన్ ఇంకో ఫోన్ తీసి యాప్‌లో అన్నీ నింపాడు. ఆఖరి ప్రశ్న మిగిలింది. దరఖాస్తుదారు మీకు బంధువా?

మణికండన్ ఆ ప్రశ్నను చూశాడు, గుంజకు కట్టిన ఫోన్‌ను చూశాడు. అది పొద్దుటినుంచీ కన్నార్పకుండా అన్నీ వింటోంది. మామా అన్న పిలుపు నుంచి ఇంకాస్త పాయసం అన్న కేక దాకా అందులో ఉంది. అయినా, లేదని నొక్కడానికి ఆ కుర్రాడికి మనసొప్పలేదు. తిన్న అన్నం ఇంకా అరగలేదు. అవునని నొక్కాడు. పెట్టె బొమ్మ ఎర్రబడింది, తనిఖీ రద్దయిందని సందేశం వచ్చింది.

“ఏం చేసేది మామా” అన్నాడు మణికండన్, “మీరు ఇంటిపేరు అడగకుండా ఉంటే ఇయ్యాలే పని అయిపోయుండు.”

మండలం వారు కొత్త అధికారిని వెతికారు. మణికండన్ ఇప్పుడు కక్షిదారుడి మేనల్లుడు. కోయంబత్తూరు కార్యాలయంలో మిగతావాళ్ళంతా ఆ మేనల్లుడితో టీ తాగేవాళ్ళు. టీ సంబంధం కూడా ఒక సంబంధమేనని పై అధికారులు తీర్మానించారు. కనుక ఏ సంబంధమూ లేని అధికారి మదురై శాఖనుంచి, మాట్టుతావణి బస్టాండు పక్క కార్యాలయంనుంచి రావాలి. అంతవరకు నీరు నీరుగానే ఉండాలి. నీటి మట్టానికి పెట్టెలో గీత గీసి, రోజూ ఫోటో పెట్టాలి.

ఇక్కడినుంచి వ్యవహారం తలకిందులైంది. ఇంతకాలం నీళ్ళనుంచి పెట్టెను కాపాడినవాళ్ళు ఇప్పుడు ఎండనుంచి నీళ్ళను కాపాడటం మొదలుపెట్టారు. పెరుమాళ్‌సామి పెట్టె మీద ఈతచాప కప్పాడు, చాప మీద తడిగోనె కప్పాడు, కాకులు తాగకుండా పైన వల కట్టాడు. పెట్టె చుట్టూ ఎండిపోతున్న మొక్కజొన్నకు కూడా ఆ వారం అంత సేవ జరగలేదు. అయినా నీళ్ళు రోజుకింత తగ్గుతూనే వచ్చాయి. సాక్ష్యం క్షీణిస్తున్నదని యాప్ హెచ్చరించింది. రక్కమ్మాళ్‌కు ఒళ్ళు మండింది. “నీళ్ళు కాపాడేదానికి ఇంగో పెట్టె తెద్దామా?” అని మొగుణ్ణి అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి పోయింది. ఆ సాయంత్రం ఫోటోలో నీళ్ళు మళ్ళీ గీతకు వచ్చాయి. యాప్ పచ్చబడి అభినందించింది. ఎలా వచ్చాయని పెరుమాళ్‌సామి అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత అవసరమో ఆయనకు ఈమధ్యనే తెలిసింది.

మదురైనుంచి కళైవాణి మేడం వచ్చే రోజు ఆ ఇంట్లో కట్టుదిట్టాలు చూసి తీరాలి. ఎవరూ తెలుగు మాట్లాడకూడదు. పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, ముఖం చూసి నవ్వకూడదు. చాప వేయకూడదు. అన్నింటికంటే ముఖ్యం, ఏమీ పెట్టకూడదు. తిండి పెడితే బంధుత్వం, టీ ఇస్తే సంబంధం, మంచినీళ్ళిచ్చినా ఎక్కడికి పోయి తేలుతుందో ఎవరికి తెలుసు? రక్కమ్మాళ్ నీళ్ళ బిందెను వాకిట్లోనుంచి తీసి లోపల దాచింది. జన్మలో చేయని పని.

మేడం యాభై ఏళ్ళ మనిషి, రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున మండలం జీపు ఎక్కి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ పెట్టె చూసింది, చుట్టూ చూసింది, ఒకటి రెండుసార్లు ఇంటివైపు కూడా చూసింది. మొగుడూ పెళ్ళాలు తలుపుకు చెరో పక్కన కాపలా బొమ్మల్లా నిలబడ్డారు. ఆమె సంచిలోంచి ఒక పరీక్ష కాగితం తీసి నీళ్ళలో ముంచింది. కాగితం రంగు మారింది. ఇది శుద్ధిచేసిన కుళాయి నీరు, చక్కగా తాగవచ్చు అని తమిళంలో ప్రకటించింది. పెట్టెలోకి ఎలా వచ్చిందని అడిగింది.

పెరుమాళ్‌సామి ఆకాశం చూశాడు. రక్కమ్మాళ్ తల దించుకుంది. దొంగతనం చేసినదానిలా, తమిళంలోనే, తగ్గినంత మేరకు నేనే పోశానని చెప్పింది. పాతనీరు ఎంతో, కొత్తనీరు ఎంతో, ఏది ఎక్కడ పుట్టిందో విడదీసే యంత్రం మండలం దగ్గర లేదు. మేడం చాలా బాధపడుతూనే, నీరు బయటిదని రాసింది. మనిషి చేత్తో తెచ్చినది. బ్యాటరీ లేదు.

అంతలో దొడ్లో దూడ తాడు తెంచుకుని చేనిమీదికి ఉరికింది. రక్కమ్మాళ్ అన్నీ మరిచి, తెలుగులో దాన్ని నిలువునా తిడుతూ పరిగెత్తింది. జీపు ఎక్కబోతున్న మేడం ఆగిపోయింది. వెనక్కి తిరిగి రక్కమ్మాళ్‌ను చూసింది.

“ఎండన బడి అంత దూరంనుంచి వచ్చినాను” అంది మెల్లగా. “తెలుగోల్లింట్లో ఒక చెంబు నీళ్ళు ఇయ్యకుండా పంపించింది ఇదే మొదులమ్మా.”

రక్కమ్మాళ్ దూడను వదిలేసి, లోపలికి పోయి, చెంబు ముంచుకుని వచ్చేసరికి జీపు మలుపు తిరిగింది. ఆమె చెంబుతో అలాగే వాకిట్లో చతికిలబడి ఏడ్చింది. బ్యాటరీ పోయినందుకు కాదు. మొగుడు పక్కన నిలబడి ఏదో చెప్పబోతే, ఇంక నోరెత్తవద్దంది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు, డబ్బా రేకు పట్టుకుని చేనికి పోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

పందులకు తోచింది. పొద్దున్న పెరుమాళ్‌సామి పోయి చూస్తే చేను చాపలా పరుచుకుని ఉంది. కంకులు ఒలిచి, పాలు పీల్చి, బెండ్లు ఉమ్మేసి పోయాయి. ఒకటీ అరా నిలబడిన కర్రలను తరవాతి రెండు రాత్రుల్లో వచ్చి చక్కబెట్టాయి. ఆయన గట్టు మీద కూర్చుని, విరిగిన కర్ర ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దానికి అంటుకున్న మట్టిని గోటితో గీకుతూ పొద్దెక్కేదాకా ఉండిపోయాడు. తినడానికి ఏమీ మిగలక పందులు ఆ తరవాత రాలేదు.

నెల తిరక్కుండానే యాప్‌లో శుభాకాంక్షలు వచ్చాయి. షణ్ముగప్రియ బస్సు దిగి వచ్చి, చెప్పుల కాళ్ళతోనే వాకిట్లో నిలబడి, తమిళంలో చదివి తెలుగులో చెప్పింది. ఈ కంచెను గత మూడు వారాలుగా ఒక్క పంది కూడా దాటలేదని మండలం గమనించిందట. జిల్లాలో ఇంత చక్కని ఫలితం ఇంకెక్కడా లేదట. బ్యాటరీ లేకుండానే కంచె పనిచేయగలదని దీనితో రుజువైంది గనుక, పక్క చేల బ్యాటరీలను కూడా విప్పి తీసుకుపోవడానికి సోమవారం మనుషులు వస్తున్నారట.